గొర్రెల్లో నట్టల నివారణ

గొర్రెల కడుపు, పేగులు, కాలేయంలో చేరే పరాన్నజీవులను మందులతోను, మేపులో జాగ్రత్తలతోను అదుపు చేయడమే నట్టల నివారణ.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఒకవైపు నల్లమల అంచులు, మరోవైపు కుందూ నది, కేసీ కాలువ కింది వరి మళ్లు ఉన్నాయి. తడి నేలల్లోని నత్తల్లో కార్జపు జలగ పిల్లదశలు పెరుగుతాయి. బయటికొచ్చి గడ్డిపరకలకు అంటుకుని, మేతతోపాటు గొర్రె లోపలికి వెళ్తాయి. కోతలయ్యాక మళ్లలో, కాలువ గట్ల మీద మేసే మందలకు ఈ ముప్పు ఎక్కువ.

వానాకాలంలో పెద్ద బెడద హీమాంకస్ కంటార్టస్ అనే గుండ్రటి పురుగు. నాలుగో కడుపులో రక్తం పీల్చే ఈ పురుగుల్లో ఆడది రోజుకు 5,000 దాకా గుడ్లు పెట్టగలదు. ఇది సోకిన గొర్రెకు కనురెప్పల లోపలి పొర పాలిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది. జలగ సోకినా ఇవే లక్షణాలు! అందుకే పెంటికలు పరీక్ష చేయించాలి.

గుండ్రటి పురుగులకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల ఫెన్‌బెండజోల్ తాపుతారు. ఐవర్‌మెక్టిన్ మోతాదు 0.2 మిల్లీగ్రాములే కానీ, అది జలగల మీద పనిచేయదు. వాటికి ఆక్సీక్లోజనైడ్, ట్రైక్లాబెండజోల్ వాడతారు. చూడి తొలి దశలో ఆల్బెండజోల్ అనే నట్టల మందు తాపితే పిల్లల్లో అవకరాలు రావచ్చు.

బరువు చూడకుండా తక్కువ మోతాదు పోసినా, ఒకే మందును ఏళ్ల తరబడి వాడినా పురుగులు దాన్ని తట్టుకుంటాయి. దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా రంగుల కార్డుతో కనురెప్ప రంగును పోల్చి, రక్తహీనత ఉన్న జీవాలకే మందు పోయడం దీనికి ఒక విరుగుడు.