విక్టోరియా యుగమునందలి గాథిక్ నవల: చీకటి యింటి రహస్యము

ఆంగ్లదేశమున విక్టోరియా రాణి 1837 జూన్ 20వ తేదీన సింహాసనము నధిష్ఠించి, 1901 జనవరి 22వ తేదీన కీర్తిశేషురాలయ్యెను. అరువదిమూడేండ్లకు పైబడిన ఈ కాలమున ఆ దేశమంతటను రైలుదారులు పడినవి. పట్టణ వీథులలో గ్యాసు దీపములు వెలిగినవి. 1840లో ఒక పెన్నీ బిళ్లతో దేశమున నేమూలకైనను జాబు పంపుకొను వసతి యేర్పడినది. తంతివార్తలు నడచినవి. ఇట్లు వెలుగును, వేగమును పెరిగిన కాలముననే పాడుపడిన మేడలు, తాళము వేసిన గదులు, అర్ధరాత్రపు కేకలు, అంతుపట్టని గృహయజమానులు గల కథలను జనులు ఎగబడి చదివిరి. శాస్త్రవిజ్ఞానమును నమ్మిన సమాజము భయకథలను ఇంతగా నేల కోరెనను ప్రశ్న ఆ యుగ సాహిత్యమును పరిశీలించువారికి తప్పక కలుగును. ఆ నవలలలోని భయమునకు మూలము దయ్యములు కావు, దస్తావేజులు. చీకటి గదిలో దాగినది పిశాచము కాదు, ఆ కుటుంబము బయటికి చెప్పుకొనలేని ఆస్తి చరిత్ర. ఈ దృష్టితో చూచినపుడు వాని నిర్మాణ రహస్యము తేటపడును.

‘గాథిక్’ అను మాట తొలుత గాథులను ప్రాచీన జాతికి సంబంధించినది. పిమ్మట మధ్యయుగపు కొనదేలిన తోరణములు గల కట్టడములకు ఆ పేరు వచ్చినది. హొరేస్ వాల్‌పోల్ 1764లో ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ అను కథను ఒక ప్రాచీన ఇటాలియన్ గ్రంథమునకు అనువాదమని చెప్పి, తన పేరు దాచి ప్రకటించెను. మరుసటి యేట వచ్చిన రెండవ కూర్పున అది తన రచనయేయని యొప్పుకొని, దానిని గాథిక్ కథగా పేర్కొనెను. అది మొదలుకొని ఈ పేరు ఒక సాహిత్యశాఖకు స్థిరపడినది. ఆన్ రాడ్‌క్లిఫ్ 1794లో ప్రకటించిన ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’ ఈ శాఖకు గొప్ప ప్రచారము తెచ్చెను. ఆమె కథలలో వింతగా తోచిన ప్రతి సంగతికిని తుదకు లౌకికమైన కారణము చెప్పబడును. అయినను ఆమె కోటలు ఇటలీ కొండలలోనివి. ఆమె దుష్టులు పరదేశీయులు. ఆంగ్ల పాఠకుడు తన యింట చలిమంట చెంత కూర్చుండి, ‘ఇట్టివి మన దేశమున జరుగవు’ అని నిశ్చింతగా చదువుకొనుటకు వీలుండెను. జేన్ ఆస్టెన్ మరణానంతరము 1817 డిసెంబరులో వెలువడిన ‘నార్థాంగర్ అబ్బే’ ఈ కథల పిచ్చిని చక్కగా పరిహసించినది. అయితే అందలి గృహయజమాని హంతకుడు కాకున్నను, ధనాశచేత ఒక బాలికను ఇంటినుండి వెడలగొట్టిన కఠినుడే. భయమునకు నిజమైన చోటు ఇటలీ కోట కాదు, ఇంగ్లండులోని గృహస్థుని యిల్లేయను సూచన అందు అప్పుడే కలదు.

ఆ సూచనను సంపూర్ణముగా పండించినవారు బ్రాంటె సోదరీమణులు. యార్క్‌షైరు మండలమున హావర్త్ గ్రామపు మతగురువైన పాట్రిక్ బ్రాంటెకు కుమార్తెలైన షార్లట్, ఎమిలీ, ఆన్ అను మువ్వురును పురుషులవలె దోచు మారుపేర్లతో రచనలు చేసిరి. 1846లో వారు అచ్చు వేయించిన కవితల సంపుటము రెండే ప్రతులు అమ్ముడుపోయెను. మరుసటి సంవత్సరము అక్టోబరులో షార్లట్ వ్రాసిన ‘జేన్ ఐర్’, డిసెంబరులో ఎమిలీ వ్రాసిన ‘వుదరింగ్ హైట్స్’ వెలువడినవి.

‘జేన్ ఐర్’ నవలలో తల్లిదండ్రులు లేని నాయిక, థార్న్‌ఫీల్డ్ అను మేడలో ఒక బాలికకు చదువు చెప్పుటకై కుదురుకొనును. ఇంటి పైయంతస్తు నుండి రాత్రులందు వికటమైన నవ్వు వినవచ్చును. యజమాని మంచమునకు నిప్పంటుకొనును. పాఠకుడు దయ్యమని శంకించును. కాని అచట బంధింపబడినది యజమాని రాచెస్టర్ భార్యయే. జమైకా ద్వీపమునుండి ముప్పదివేల పౌనుల కట్నముతో వచ్చిన బెర్తా అను ఆమె మతి చలించినదని గదిలో మూయబడినది. నాయిక ప్రేమించినవాడును, భయపడవలసినవాడును ఒక్కడే యగుట ఈ శాఖకు ప్రాణము. ప్రేమకథ, భయకథ యను రెండు దారములు ఇక్కడ ఒక్క ముడిగా పడినవి.

‘వుదరింగ్ హైట్స్’ లో హీత్‌క్లిఫ్ తీర్చుకొన్న పగ మరియొక తీరుగా నడచును. అతడు హిండ్లీని జూదమున దింపి, భూములను తనఖా పట్టి ఒక యింటికి యజమాని యగును. తన కుమారునికి బలవంతపు వివాహము చేయించి, వీలునామా వ్రాయించుకొని రెండవ యింటి సంపదను చేజిక్కించుకొనును. కిటికీ కడ వినవచ్చిన ప్రేతస్వరము పాఠకునకు జ్ఞాపకముండును గాని, ఆ రెండిండ్లను కూల్చినది ప్రేతము కాదు, తనఖా పత్రము. ఈ నవలలోని కాలగణనయు, ఆస్తి చట్టపు వివరములును ఎంత సరిగా కుదిరినవో సి. పి. సాంగర్ 1926లో ఒక వ్యాసమున నిరూపించెను. గాలివానవలె తోచు ఆ కథ వెనుక గుమాస్తా లెక్కవంటి జాగ్రత్త కలదు.

ఈ కథలకు పునాదియైన చట్టమెట్టిదో తెలియవలెను. నాటి ఆంగ్ల సామాన్య న్యాయము ప్రకారము వివాహముతో స్త్రీకి ప్రత్యేకమైన న్యాయ వ్యక్తిత్వము పోయెడిది. ఆమె నగదు, నగలు, సంపాదన భర్తవి యగును. భూమిపై వచ్చు ఆదాయము అతని యధీనమగును. ధనికులు మాత్రము వివాహమునకు ముందే ధర్మకర్తలను నియమించి, ప్రత్యేక పత్రములు వ్రాయించి కుమార్తెల ఆస్తిని కొంత కాపాడుకొనగలిగిరి. 1870, 1882 సంవత్సరముల శాసనములు వచ్చువరకు సామాన్య స్త్రీకి ఈ రక్షణ లేదు. జేన్ ఐర్ పినతండ్రి వలన సంక్రమించిన ఇరువదివేల పౌనులను బంధువులతో నాలుగు భాగములుగా పంచుకొని, తన వంతుగా అయిదువేలతో స్వతంత్రురాలై రాచెస్టర్ కడకు మరలి వచ్చును. ఆ స్వాతంత్ర్యము కథకు శుభాంతము. కాని ప్రత్యేక పత్రము లేనిచో పెండ్లినాడే ఆ ధనమంతయు అతనిదగును. ఈ సంగతి నెరిగి చదువువారికి ఆ శుభాంతమునందును ఒక నీడ కానవచ్చును.

ఈ విషయము తెలుగువారికి మరింత సుబోధము. స్త్రీధనమను భావము మన ధర్మశాస్త్రములలో ప్రాచీనమైనది. కల్యాణపుర చాళుక్యరాజైన ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర స్త్రీధనమునకు విశాలమైన అర్థము చెప్పినది. ఆ కల్యాణము నేటి కర్ణాటక రాష్ట్రములోనిదే. పదుమూడవ శతాబ్దిని కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ను తెనిగించి, ఆ ధర్మమును తెలుగువారికి అందించెను. కరవునందును, వ్యాధియందును, ధర్మకార్యమునందును తప్ప భర్త వాడుకొన్న స్త్రీధనమును తిరిగి ఈయవలెనని శాస్త్రము. అయినను శాస్త్రమున నున్నదంతయు ఆచారమున నుండెనని గర్వించుటకు వీలులేదు. ఉమ్మడి కుటుంబములలో స్త్రీల హక్కు ఎంత పలుచనిదో 1937, 1956 సంవత్సరములలో కొత్త చట్టములు చేయవలసి వచ్చుటయే చెప్పుచున్నది. మేడ గోడలు వేరైనను, లోపలి నిశ్శబ్దము మనకు పరిచితమే.

ఆన్ బ్రాంటె 1848లో ప్రకటించిన ‘ది టెనంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’ లో నాయిక హెలెన్, త్రాగుబోతైన భర్త బారినుండి కుమారుని గొని పారిపోయి, మారుపేరుతో చిత్రములు వ్రాసి అమ్ముకొని బ్రదుకును. ఇచట దయ్యపు ఊసైనను లేదు. కాని ఆమె దాగిన పాడు మేడయు, ఊరివారి గుసగుసలును గాథిక్ కథలోనివే. నాటి న్యాయమున ఆమె సంపాదించిన చిత్రముల వెలయు భర్తదే. కావున ఆమె భయము ఊహాజనితము కాదు.

విల్కీ కాలిన్స్ ఈ భయమును పట్టణ పాఠకుల వాకిటికి తెచ్చెను. అతని ‘ది వుమన్ ఇన్ వైట్’ 1859 నవంబరు నుండి 1860 ఆగస్టు వరకు డికెన్స్ నడిపిన వారపత్రికలో ధారావాహికముగా వెలువడినది. అందు లారా యను ధనవతిని ఆమె భర్తయు, అతని స్నేహితుడును కలసి, రూపమున ఆమెను బోలిన వేరొక స్త్రీ పేరుతో ఉన్మాదశాలలో బంధింతురు. ఆ రెండవ స్త్రీ మరణింపగా, లారాయే మరణించినదని లోకమును నమ్మించి ఇరువదివేల పౌనులు కాజేయుదురు. బ్రదికియున్న మనిషి తాను బ్రదికియున్నట్లు నిరూపించుకొనలేకపోవుట కంటె ఘోరమైన భయమేమి కలదు? ఇది కేవలము కల్పన యని నాటివారు త్రోసివేయలేకపోయిరి. 1858లో ప్రసిద్ధ నవలాకారుడైన బుల్వర్ లిట్టన్, తనకు దూరమైన భార్య రోజీనాను ఉన్మాదశాలలో పెట్టించెను. పత్రికలలో అలజడి చెలరేగగా ఆమె కొన్ని వారములలో విడుదలయ్యెను. కాలిన్స్ తన కథను న్యాయస్థానమున సాక్షులు ఒకరి తరువాత ఒకరు చెప్పినట్లు నడపెను. కోర్టు వినని గోడును పాఠకుని యెదుట విచారణకు పెట్టుటయే ఆ పద్ధతిలోని ఉద్దేశము.

డబ్లిన్ నివాసియైన షెరిడన్ లె ఫాను 1864లో వ్రాసిన ‘అంకుల్ సైలస్’ లోనిదియు ఇట్టి లెక్కయే. తండ్రి వీలునామా చేత మాడ్ అను బాలిక పినతండ్రి సంరక్షణకు వచ్చును. ఆమె యుక్తవయస్సు రాకమునుపే మరణించినచో ఆస్తి అతనిది. ఈ ఒక్క నిబంధన తెలిసిన క్షణమునుండి ఆ యింటి ప్రతి తలుపు చప్పుడును పాఠకుని ఉలికిపడజేయును.

ఈ నవలల రూపమును అచ్చు వ్యాపారము కూడ తీర్చిదిద్దెను. మూడు సంపుటముల నవల వెల ముప్పదియొక షిల్లింగుల ఆరు పెన్నీలు. సామాన్య గృహస్థుడు కొనలేడు. 1842లో అద్దె గ్రంథాలయము నారంభించిన మ్యూడీ, ఏటికొక గినీ చందాతో ఒక్కొక సంపుటము చదువ నిచ్చెను. కుటుంబమంతయు కలసి చదువు పుస్తకమగుటచే పచ్చి శృంగారమునకు తావు లేకపోయెను. చెప్పరాని దానిని తాళము వేసిన గదిగా, చెరిగిన ఉత్తరముగా చూపు నేర్పు రచయితలకు ఇందువలన అలవడెను. ఇక వారపత్రికలలో ప్రతి భాగమును మరుసటి వారము వరకు పాఠకుని పట్టి నిలుపవలెను. ఉత్కంఠ అచట అలంకారము కాదు, జీవనోపాధి.

ఆ మేడలలో దాగిన రెండవ రహస్యము సముద్రముల అవతలి సంపద. బెర్తా కట్నము, బానిసల చెమటతో చెరకు పండిన జమైకానుండి వచ్చినది. కాలిన్స్ 1868లో వ్రాసిన ‘ది మూన్‌స్టోన్’ నేటి కర్ణాటకములోని శ్రీరంగపట్టణమున ప్రారంభమగును. 1799 మే 4న ఆ కోట పడిన దినమున ఒక ఆంగ్ల సైనికాధికారి హత్య చేసి అపహరించిన దేవతా వజ్రము, యార్క్‌షైరులోని ఒక సుఖగృహమున అశాంతిని నింపును. ఈ కల్పనకు ప్రేరకములైన రత్నములలో కోహినూరు ఒకటియని కాలిన్స్ స్వయముగా పీఠికలో చెప్పెను. ఆ కోహినూరు కృష్ణాతీరమందలి కొల్లూరు గనులలో పుట్టినదని ప్రసిద్ధి. 1850లో అది విక్టోరియా రాణికి సమర్పింపబడి, 1851 నాటి మహాప్రదర్శనమున లక్షలమంది కంటబడెను. కథ తుదకు వజ్రము ఇంగ్లండులో నిలువక భారతదేశమునకే మరలును. కాలిన్స్ ఆంగ్లుడై యుండియు దొంగసొత్తును దొంగసొత్తని చూపుటకు వెనుదీయలేదు.

కాలము గడచినకొలది చట్టములు మారినవి, భయములును మారినవి. 1897లో వెలువడిన బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ లో దినచర్యలు, తంతివార్తలు, టైపు యంత్రము కలసి పరదేశపు రక్తపిశాచమును వేటాడును. భయము మరల పరదేశముననే పుట్టినను, ఈసారి ఆ పరదేశీయుడు లండనులో ఇల్లు కొనుటకు ఆంగ్ల న్యాయవాది చేత పత్రములు సిద్ధము చేయించుకొనును.

తరువాతి తరములవారు ఈ రహస్యమును గుర్తించియే ఆ యుగమును తిరిగి చిత్రించిరి. డొమినికా ద్వీపమున జన్మించిన జీన్ రీస్ 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ అను నవల వ్రాసి, షార్లట్ కథలో నోరు లేని బెర్తాకు నోరిచ్చెను. సారా వాటర్స్ 2002లో ప్రకటించిన ‘ఫింగర్‌స్మిత్’ విక్టోరియా కాలపు లండనులోనిది. అందును వారసత్వము కొరకు ఒక స్త్రీ స్థానమున మరియొక స్త్రీని ఉన్మాదశాలలో త్రోయుదురు. వీరిరువురును పొగమంచును, కొవ్వొత్తిని మాత్రము అరువు తెచ్చుకొనలేదు. తాళపుచెవి ఎవరి చేత నుండెనో విచారించిరి.

కావున ఆ యుగమును గూర్చి కథ వ్రాయబూనిన వారికిని, చదువువారికిని ఒక్క విషయము ముఖ్యము. నల్లని దుస్తులు, పాత మేడ, వానరాత్రి ఇవన్నియు తేలికగా సమకూడును. ఆ యింట ఎవరి పేరున ఆస్తి యున్నదో, ఆ ఆస్తి ఎచటినుండి వచ్చినదో, ఎవరి మాటకు సాక్ష్యముగా విలువ లేదో తేల్చుకొన్న పిమ్మటగాని ఆ చీకటికి ప్రాణము రాదు. హావర్త్ గ్రామపు చిన్న యింట కూర్చుండి వ్రాసిన ఆ సోదరీమణులలో ఎమిలీ 1848లోను, ఆన్ 1849లోను, షార్లట్ 1855లోను మరణించిరి. వివాహిత స్త్రీకి తన సొమ్ముపై హక్కునిచ్చిన 1882 నాటి శాసనమును వారిలో నెవ్వరును చూడలేదు. ఆ హక్కు లేని లోకమెట్టిదో వారి నవలలు నేటికిని సాక్ష్యము చెప్పుచున్నవి.