సజీవ శైవల సేకరణలు: ప్రాగ్ నుంచి ప్రపంచానికి

ఎండబెట్టి హెర్బేరియం కాగితానికి అతికించిన శైవలం తన ఆకారాన్ని మాత్రమే మీకు చూపగలదు. అది కాంతిని ఎలా వాడుకుంటుందో, ఎలా విభజన చెందుతుందో తెలియాలంటే ప్రాణమున్న శైవలమే కావాలి. అందుకోసం ఏర్పడిన వర్ధన సేకరణల చరిత్రను ఇప్పుడు పరిశీలిద్దాం.

1890లో డచ్ శాస్త్రవేత్త బైజరింక్, తాను శుద్ధ వర్ధనంగా వేరుచేసిన క్లోరెల్లా వల్గారిస్‌ను వర్ణించాడు. అయితే ఇలాంటి వర్ధనాలను అందరికీ అందుబాటులోకి తెచ్చిన ఘనత ఎర్నెస్ట్ ప్రింగ్స్‌హైమ్‌కు దక్కుతుంది. ప్రాగ్‌లోని జర్మన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, కోరినవారికి పంపగల వర్ధనాల జాబితాను ఆయన 1928లో ప్రచురించాడు.

యూదు సంతతికి చెందిన ప్రింగ్స్‌హైమ్ నాజీల కారణంగా 1930ల చివర ఇంగ్లండుకు వలస వెళ్లవలసి వచ్చింది. ఆయనతోపాటు వర్ధనాలూ తరలి వెళ్లాయి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1947లో ఆ సేకరణ బాధ్యతను స్వీకరించింది. అక్కడి వర్ధనాలతోనే రిచర్డ్ స్టార్ 1953లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో మరో సేకరణను ప్రారంభించాడు. అది 1976లో టెక్సస్‌కు మారింది. ప్రింగ్స్‌హైమ్ జర్మనీకి తిరిగి వెళ్లి, గోటింగెన్‌లో ఇంకొకటి నెలకొల్పాడు. ఒక్కచోటే ఉండిపోతే నశించగల సంపద ఇలా పలుచోట్ల వేళ్లూనుకుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ధాన్యాన్ని గాదెలో పోసి ఉంచినట్లు శైవలాలను ఉంచడం కుదరదు. అగార్ యానకంపై, మందకాంతిలో, చల్లని గదిలో పెంచుతూ, కొన్ని వారాలకో నెలలకో ఒకసారి కొత్త యానకంలోకి మార్చాలి. మార్చడం మరిస్తే వర్ధనం చనిపోతుంది. మార్చే క్రమంలో ఇతర సూక్ష్మజీవులు చేరవచ్చు; తరాలు గడిచేకొద్దీ లక్షణాలూ మారవచ్చు. అందుకే అనేక శైవలాలను నేడు −196 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవ నైట్రోజన్‌లో భద్రపరుస్తున్నారు. కానీ అన్ని జాతులూ ఆ శీతలాన్ని తట్టుకోలేవు. వాటికి మనిషి చేతులే నేటికీ ఆధారం.

ఈ శ్రమ ఎందుకు? ఒకరు చేసిన ప్రయోగాన్ని మరొకరు సరిచూడాలంటే అదే జాతి ఉంటే చాలదు, అదే వంశక్రమానికి చెందిన వర్ధనం కావాలి. పరిశోధన పత్రాల్లో శైవలం పేరు పక్కన సంఖ్య వేసేది అందుకే. బైజరింక్ వేరుచేసిన క్లోరెల్లా సంతతి గోటింగెన్ సేకరణలో 211-11బి సంఖ్యతో నేటికీ సజీవంగా ఉంది.

ఆలోచించండి: ఆ వర్ధనాన్ని మార్చే పని మధ్యలో ఒక్క ఏడాది ఆగిపోయి ఉంటే, నేటి పరిశోధకుడు ఏమి కోల్పోయేవాడు?