తంతి మూగవోయినప్పుడు



వార్త రాకపోవుటకు రెండు కారణము లుండవచ్చును. చెప్పవలసిన దేమియు లేకపోవుట యొకటి. చెప్పుటకు మార్గము తెగిపోవుట రెండవది. దూరమున నున్నవారికి ఈ రెండును ఒక్క తీరుననే కనబడును. గాలివానలకు, వరదలకు ఆటపట్టయిన ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకల జనులకు ఈ భేదము ప్రాణములతో ముడివడినది. దానిని దూరమునుండియే కనుగొనుటకు మానవుడు చేసిన ప్రయత్నముల చరిత్రను నేడు సంగ్రహముగా మనవి చేసెదను.

మన దేశమున 1851లో కలకత్తా, డైమండు హార్బరుల నడుమ తంతి నడిచెను. 1855లో ప్రజల యుపయోగమునకు వచ్చెను. 1893 మొదలు బెజవాడ నుండి ఉత్తరముగా సాగిన ఇనుపదారి ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా పోయినది. దాని ప్రక్కన తంతిస్తంభముల వరుసయు నడచినది. ముందరి స్టేషను నుండి అనుమతి రానిదే బండిని విడువరాదని రైల్వేవారు నియమ మేర్పరచుకొనిరి. మౌనము అంగీకారము కాదని నేర్పిన తొలి పాఠములలో ఇది యొకటి.

ఐతే తీగ చెడినచోటు తెలియుట యెట్లు? మైళ్ళ కొలది నడచి ప్రతి స్తంభమును చూచుట కష్టము. అందుచే కచేరిలో కూర్చుండియే కొలుచు నుపాయమును కనుగొనిరి. ఇనుపతీగ విద్యుత్తును కొంత అడ్డగించును. మైలు తీగ పది పాళ్ళు అడ్డగించు ననుకొందము. కొలతలో రెండువందల పాళ్ళు వచ్చినచో, తీగ నేల నంటినది ఇరువదవ మైలునకు దాపున నని లెక్కకు తేలును. నేలయు కొంత అడ్డగించును గనుక ఆ తేడాను తీసివేయుటకు, దూరపు కొనయందు మంచితీగతో చెడ్డతీగను కలిపి సరిపోల్చెడివారు. ఇందులకు వాడిన కొలత పద్ధతిని 1833లో క్రిస్టీ కనుగొనగా, 1843లో వీట్‌స్టన్ ప్రచారమునకు తెచ్చెను. నేటికిని అది వీట్‌స్టన్ పేరనే చెల్లుచున్నది.

దీనికంటె గొప్ప యూహ మరియొకటి కలదు. 1872లో అమెరికాయందు రాబిన్సన్ అను నాతడు రైలుపట్టాలలో విద్యుత్తు ఎల్లప్పుడు పారుచుండునట్లు చేసెను. బండి వచ్చినను, పట్టా విరిగినను, విద్యుత్తు గుర్తు దీపమునకు చేరక, అపాయసూచన తనంతట వెలువడును. అనగా, మంచి స్థితి యెడతెగక తన్ను తాను చాటుకొనుచుండవలెను. ఆ చాటింపు ఆగుటయే కీడునకు గుర్తు.

ఈ సూత్రము విలువ యెంతటిదో 1977 నవంబరు 19వ తేదీ మనకు తెలియజెప్పినది. ఆనాటి ఉప్పెనలో దివిసీమ మునిగినది. ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది మరణించిరి. దారులు పోయినవి, తంతులు తెగినవి. ఏ యూళ్ళు అన్నిటికంటె ఎక్కువ నశించెనో ఆ యూళ్ళనుండియే వార్త రాలేదు. విపత్తు పరిమాణము లోకమునకు తెలియుటకు దినములు పట్టెను.

తరువాత యంత్రములే యంత్రములను పలుకరించు కాలము వచ్చినది. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అను అమెరికావాడు 'పింగ్' అను చిన్న సాధనమును వ్రాసెను. ఇది దూరపు కంప్యూటరును 'ఉన్నావా?' యని యడిగి, జవాబు వచ్చుటకు పట్టిన కాలమును కొలుచును. 1988లో యంత్రముల క్షేమ మడుగుటకు అందరకు నొక్కటే భాష యేర్పడెను. నేడు పర్యవేక్షణ కేంద్రము కొన్ని నిమిషముల కొకమారు ప్రతి యంత్రమును విచారించును. కరెంటు పోయిన క్షణమున 'ఆరిపోవుచున్నాను' అని తుదిమాట పంపి మూగవోవు యంత్రములును గలవు.

మన రాష్ట్రమున 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామమున ఫైబరు సేవ ఆరంభమైనది. దీని పర్యవేక్షణ కేంద్రము విశాఖపట్టణమున స్థాపింపబడెను. గాజునారలో వెలుగు సెకనుకు సుమారు రెండులక్షల కిలోమీటర్లు పరుగెత్తును. దాని నొక తునుకగా పంపినచో, నార తెగినచోట కొంత వెనుకకు మరలును. సెకనులో అయిదువేలవ వంతునకు తిరిగివచ్చినచో తెగినది 20 కిలోమీటర్ల దూరమున. తంతివారు విద్యుత్తుతో కొలిచినదానిని మనవారు వెలుగుతో కొలుచుచున్నారు.

కాని కేంద్రమునకు తెలియునది యంత్రము పలుకలేదన్న మాట మాత్రమే. ఊరు మునిగెనో, స్తంభము పడెనో, బ్యాటరీ అయిపోయెనో అది చెప్పజాలదు. ఈ ఫైబరును విశేషముగా కరెంటు స్తంభముల మీదనే కట్టిరి. స్తంభ మొరిగిన దీపమును మాటయు నొక్కమారే పోవును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై పడినప్పుడు కరెంటుతో పాటు ఫోనులును మూగవోయినవి. బుడమేరు, తమ్మిలేరు పొంగి, కొల్లేటి నీరు ఉప్పుటేటి గుండ త్వరగా తీయనప్పుడు, లంక యూరికి దారియు మాటయు నొక్కసారి తెగవచ్చును.

కావున ప్రతి గ్రామమునకు రెండవ మార్గ మొకటి యుండవలెననియు, పలుకని యూరికి ముందుగా మనిషిని పంపు నియమ ముండవలెననియు నా మనవి. మీ పంచాయతీ కచేరిలోని యంత్రమునకు బ్యాటరీ యెన్ని గంటలు నిలుచునో, తుపాను నెలలు రాకమునుపే అడిగి తెలిసికొనుడు. కేకవేయు నూరికి సాయము తప్పక వచ్చును. కేకవేయలేని యూరిని వెదకుకొని పోవు సాయమే నిజమైన సాయము.