ఐదక్షరాల ‘సారీ’

టోక్యోలో అర్ధరాత్రి దాటింది. తెల్లారేసరికి సినిమా సబ్‌టైటిళ్లు పంపెయ్యాలి. మీ చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా స్క్రీన్ మీద వాన, నల్లగొడుగులు, తవ్వి ఉంచిన గొయ్యి. భర్తను పోగొట్టుకున్నావిడ తడుస్తూ నిలబడి ఉంది. భర్త ప్రాణస్నేహితుడు దగ్గరికొచ్చి భుజమ్మీద చెయ్యేస్తాడు.

“ఐయామ్ సారీ.”

పాజ్ నొక్కుతారు. జపనీస్‌లో ఏం రాస్తారు?

పరామర్శకు వెళ్లినవాళ్లు అనే మాట ఒకటుంది: ‘గొషూషోసమా దేసు’. టైప్ చేస్తారు. ఏడక్షరాలు. కింద అక్షరాల లెక్క చూపే అంకె ఎర్రబడుతుంది. డైలాగు నిడివి 1.25 సెకన్లు. జపాన్ సబ్‌టైటిళ్లలో సెకనుకు నాలుగక్షరాలే లెక్క. మించితే చూసేవాళ్లు అక్షరాలు కూడబలుక్కుంటూ నటుడి ముఖం చూడరు. అంటే మీకున్నవి ఐదే. పైగా అది మరీ మర్యాద మాట. ఇంట్లో మనిషిలా తిరిగినవాడు స్నేహితుడి భార్యతో అలా అనడు. కొట్టేస్తారు.

‘జన్నెన్ దేసు’. నాలుగక్షరాలు, సరిపోయింది. కానీ మ్యాచ్ ఓడిపోయినా అదే అంటారు. గోతి పక్కన మరీ పేలవంగా ఉంది. కొట్టేస్తారు.

‘గొమెన్’. మూడే. చనువుంది. కానీ అది తప్పు చేసినవాడు అడిగే క్షమాపణ. ఇతనేం తప్పు చేశాడని?

ఆగండి.

సినిమా మీరు చివరిదాకా చూశారు. చంపింది వీడే.

వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోతాయి. ‘గొమెన్’ అని రాస్తే హంతకుడెవరో హాలంతటికీ ఇప్పుడే తెలిసిపోతుంది. సంతాపం రాస్తే ఆఖరి సీను పోతుంది. అక్కడ ఆవిడ ఇదే మాట గుర్తుచేసి, ఆ రోజే ఒప్పుకున్నావు కదా అని నిలదీస్తుంది. ఇంగ్లిష్‌లో జాలీ, నేరమూ ఒకే మాటలో ఇమిడాయి. జపనీస్‌లో దేని దారి దానిదే.

గంట రెండయింది. సీను మళ్లీ వేస్తారు. ఈసారి సౌండు తీసేసి. అతని చెయ్యి ఆవిడ భుజమ్మీద ఉంది. కళ్లు నేలమీద. పెదవులు కదిలీ కదలనట్టు కదులుతాయి. ఈ మనిషి జపాన్‌లో పుట్టి ఉంటే ఇక్కడ ఏమంటాడు?

‘కొతొబ మొ నై.’

నోట మాట రావడం లేదు. పరామర్శకొచ్చినవాడు అంటాడు. తల దించుకున్న దోషీ అంటాడు. టైప్ చేస్తారు. కంజీ లిపిలో రెండు, హిరగానా లిపిలో మూడు. ఐదు. చివర చుక్క అక్కర్లేదు, అక్కడి సబ్‌టైటిళ్లలో పెట్టరు. అంకెలో ఎరుపు పోయింది.

వెంటనే ఆఖరి సీనుకు దూకుతారు. ఆవిడ నోట అదే మాట పెట్టి చూస్తారు. అతుకుతుంది. పంపెయ్యండి.

‘సారీ’ని జపనీస్‌లో ఏమంటారని ఎవరైనా అడిగితే తొందరపడి జవాబు చెప్పకండి. ఎవరు, ఎవరితో, ఏం చేసొచ్చి అంటున్నారో ముందు అడగండి.