నీటికుండ – సుశ్రుతుని జలవిధి

గ్రీష్మము ప్రవేశించినంతనే క్రొత్తకుండ కొని తెచ్చుకొనుట ఆంధ్రదేశమున జిరకాలముగా వచ్చుచున్న యాచారము. కుండనీరు చల్లనిదనుటయందు వివాదము లేదు. కాని చల్లనిది గాన శుద్ధమైనదనియు, శుద్ధమైనది గాన నారోగ్యకరమనియు దలచువారు పెక్కురు కలరు. శైత్యమును శుద్ధియు నొక్కటియే యను నీ తలంపు సుశ్రుతసంహితకు సమ్మతము గాదు. ఆ గ్రంథమున సూత్రస్థానమందలి 45వ అధ్యాయమునకు ద్రవద్రవ్యవిధి యని పేరు. అందలి జలప్రకరణమును బరిశీలించినచో నీ రెండు విషయములును వేర్వేరుగా బరిగణింపబడినట్లు స్పష్టమగును. ఈ భేదము నెరుగుట గ్రంథవిచారమునకే గాక నిత్యజీవనమునకును నావశ్యకము.

సుశ్రుతుడు నీటి సంస్కారమును గూర్చి మూడు గణములను జెప్పినాడు. మొదటిది ప్రసాదనగణము, అనగా నీటిని దేర్చు సాధనములు. కతకము, గోమేదకము, తామరతూటి గడ్డ, నాచువేరు, వస్త్రము, ముత్యము, మణి యని యివి 7. రెండవది నిక్షేపణగణము, అనగా నీటిపాత్ర నుంచు నాధారములు. ఫలకము, త్ర్యష్టకము, ముంజవలయము, ఉదకమంచిక, శిక్యము అని యివి 5. మూడవది శీతీకరణగణము. గాలివాటున నుంచుట, నీరు చల్లుట, కఱ్ఱతో ద్రిప్పుట, విసరుట, వస్త్రముతో నెత్తి వడియనిచ్చుట, ఇసుకలో నుంచుట, శిక్యమున వ్రేలాడదీయుట యని యివియు 7.

ఈ పదములలో గొన్ని తెలుగువారి యింటి వస్తువులే. ముంజవలయమనగా గడ్డితో జుట్టిన కుదురు. శిక్యమనగా ఉట్టి. ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. ఉట్టి యాధారములలోను జెప్పబడినది, శీతలోపాయములలోను మరల జెప్పబడినది. దీనిని పునరుక్తి యని త్రోసివేయరాదు. చీమలనుండియు బిల్లులనుండియు గాపాడుటకే యుట్టి యేర్పడినదని సామాన్యముగా దలచుదురు. కాని నేలపై గూర్చున్న కుండకు గాలి యడుగున దగులదు, ఉట్టిమీది కుండకు నన్నివైపులను దగులును. శిక్యమును రెండుచోట్ల జేర్చుటలోని సార్థక్య మిదియే.

ఈ శైత్యమునకు గారణము కుమ్మరి పనియందే కలదు. అతడు మట్టిలో నిసుకయు, కొన్నిచోట్ల ఊకయు బూడిదయు గలిపి మర్దించి, సారెపై దీర్చి, చెక్కతో దట్టి గోడను బలుచన చేసి, యావములో గాల్చును. ఆ కాక పింగాణికి వలె మిక్కుటమైనది కాదు గాన మట్టి పూర్తిగా గరగి గాజువలె గట్టిపడక, సన్నని రంధ్రములు నిలిచియుండును. లోని నీ రా రంధ్రముల వెంట వెలికి నూరి, గాలిలో నావిరియగును. ఒక గ్రాము నీరు సాధారణోష్ణమున నావిరియగుటకు సుమారు 580 కాలరీల వేడిమి కావలెను. ఆ వేడిమిలో నధికభాగము కుండనుండియు లోని నీటినుండియు వచ్చును. 10 లీటరుల నీటిలో నూరవ వంతు, అనగా 100 గ్రాములు ఆవిరియైనచో, వెలుపలి వేడిమి లోనికి రాకున్న యెడల, మిగిలిన నీరు సుమారు 6 డిగ్రీలు చల్లబడును. గాలి పొడిగా నుండు రాయలసీమలో కుండ బాగుగా జల్లబరచుటకును, ఉక్క మిక్కుటమైన సముద్రతీరమున నంతగా జల్లబరచకుండుటకును గారణ మిదియే. నీటిలోని సున్నము మొదలగు లవణములచే రంధ్రములు పూడుకొనిపోవును గాన బ్రాతకుండకంటె గ్రొత్తకుండ మేలు. తడియిసుకలో నుంచుటకును నీ న్యాయమే వర్తించును.

శుద్ధి విషయము వేరు. ప్రసాదనములలో మొదట బేర్కొనబడిన కతకము తెలుగున ఇండుపగింజ, చిల్లగింజ యనబడును. దీనిని కుండలోపలి గోడకు రుద్ది బురదనీటిని దేర్చుట పల్లెలలో దెలిసిన పద్ధతి. గింజలోని ద్రవ్యములు మంటికణములను గూర్చి యడుగునకు దింపునని నేటి శాస్త్రమును నంగీకరించినది. అయినను తేరిన నీరెల్ల నిర్దుష్టమని చెప్పుటకు వీలులేదు. సుశ్రుతుడును చెడిన నీటికి దేర్చుటతో సరిపెట్టలేదు. నిప్పుపై గాచుట, యెండలో వేడిచేయుట, కాల్చిన యినుపముద్దను గాని యిసుకను గాని మంటిగడ్డను గాని యందు ముంచుట యని ప్రత్యేకముగా విధించినాడు. కాచి చల్లార్చిన నీటినైనను నిలువయుంచి మరునా డీయరాదనియు జెప్పినాడు.

ఈ జాగ్రత్త యెంత యవసరమో 1884లో గలకత్తా చెరువునీటిలో రాబర్టు కోఖు విషూచిక్రిమిని గనుగొన్నప్పుడు లోకమునకు విశదమైనది. చెడినీటిని కుండ చల్లబరచునే కాని చంపవలసిన క్రిమిని చంపదు. శుద్ధమైన నీరును వెడల్పుమూతి కుండలో జేతిని ముంచుటచే మరల జెడును. కలకత్తా పేటలలో విషూచి వ్యాప్తిని గూర్చి జరిపిన పరిశోధన యొకటి 1986లో బ్రకటితమైనది. అందు సన్నమెడగల మట్టికూజాలను వాడిన యిండ్లలో నీ వ్యాధి సంక్రమణము బాగుగా దగ్గినట్లు తేలినది. అచట మేలు చేసినది మట్టి కాదు, చేయి దూరని మెడ.

నీరు గోడగుండ వడిసి వచ్చునట్లు చేసినచో మట్టిపాత్రయే వడపోతయు గాగలదు. 1981లో గ్వాటెమాలా దేశమున ఫెర్నాండో మసారియెగోసు రూపొందించిన పాత్ర యిట్టిది. మట్టిలో గలిపిన దహ్యపదార్థ మావములో గాలిపోయి రంధ్రము లేర్పడును. పాత్రకు వెండిద్రావకమును బూయుదురు. కాని యిది వేరొక ప్రయోజనమునకై చేయబడిన పాత్ర. ఇంటి నీటికుండ కీ గుణము నారోపించుట తగదు.

పానపాత్రలను జెప్పుచు సుశ్రుతుడు స్వర్ణ రజత తామ్ర కాంస్య మణిమయములతోపాటు కడపట భౌమమును, అనగా మట్టిపాత్రను, బేర్కొన్నాడు. రాజునకు స్వర్ణపాత్ర యెట్లో పేదకు మంటిపాత్ర యట్లే గ్రాహ్యమని యిందు దేలుచున్నది. అయినను పాత్ర యేదియైనను విధి యొక్కటియే. ముందు నీటిని దేర్చి కాచవలెను, పిదప చల్లార్చి కుండలో నుంచవలెను. మూత పెట్టుట, చేయి ముంచక గరిటెతో దీయుట, కుండను గాలివాటున నిలుపుట మరువరాదు. కుండ చేయగల మేలు చల్లదనము. శుద్ధి గృహస్థు చేతిలోని పని.