అద్దెతోనే ఈఎంఐ వెళ్లిపోతుంది

ఉన్న ఇల్లు కాక హైదరాబాద్‌లో మరో ఫ్లాటు కొని అద్దెకిద్దాం అనుకునేవాళ్ల చెవిన తప్పకుండా పడే మాట ఒకటుంది. "పది శాతం చేతిలో ఉంటే చాలు. పేపర్లు క్లియర్, బ్యాంకే లోనిస్తోంది. అద్దెతోనే ఈఎంఐ వెళ్లిపోతుంది. ఐదేళ్లలో డబుల్." ఈ మాట బ్రోకరే చెప్పాలని లేదు. బావమరిదీ చెబుతాడు, ఆఫీసులో పక్క సీటాయనా చెబుతాడు. పద్యానికి చెప్పుకున్నట్టు దీనికీ ప్రతిపదార్థం చెప్పుకున్నాకే అగ్రిమెంటు మీద సంతకం పెట్టాలంటాను. లెక్క కోసం 60 లక్షల పాత ఫ్లాటు ఒకటి అనుకుందాం.

"పది శాతం": రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి విలువలో 90 శాతం దాకా ఇచ్చేది 30 లక్షల లోపు లోన్లకే. 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, అది దాటితే 75 శాతం. కాబట్టి మన ఫ్లాటుకు వచ్చేది మహా అయితే 48 లక్షలు. మార్జిన్ మనీ 12 లక్షలు మనమే పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చుల్ని బ్యాంకు ఆ విలువలో కలపదు. 2021 జూలైలో పెంచాక తెలంగాణలో అవన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో నాలుగున్నర లక్షలు.

"చాలు": ఇంకా చాలదు. బ్రోకరు కమీషను, రంగులు, కారుతున్న బాత్రూము మరమ్మతు ఉన్నాయి. ఉద్యోగం పోయినా, ఇల్లు ఖాళీగా పడున్నా ఆరు నెలల ఈఎంఐ కట్టగలిగేంత ఎఫ్‌డీ విడిగా ఉండాలి. అన్నీ కూడితే చేతిలో ఉండాల్సింది 20 లక్షలకు దగ్గర పడుతుంది. ఇంటి ధరలో అది మూడో వంతు.

"పేపర్లు క్లియర్": బ్యాంకు లాయరు పేపర్లు చూసేది బ్యాంకు డబ్బు భద్రత కోసం. లోను మంజూరైందంటే ఆ ఆస్తి మనకు క్షేమమని అర్థం కాదు. ఈ విషయంలో మనవాళ్లు చూపించే నమ్మకం నన్ను భయపెడుతుంది. 2024లో ప్రభుత్వ సంస్థ హైడ్రా చెరువుల ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) పరిధిలో కూల్చివేతలు మొదలుపెట్టినప్పుడు, రిజిస్ట్రేషన్ కాగితాలూ బ్యాంకు లోనూ చూపించి మొత్తుకున్నవాళ్లు ఉన్నారు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించాలి, లింకు డాక్యుమెంట్లు వెనక్కి ముప్పై ఏళ్ల దాకా చదివించాలి, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడాలి. మధ్యలో ఎక్కడైనా జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) మీదే చేతులు మారిందని కనిపిస్తే ఆగాలి. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఈ పనికి మనం పెట్టుకునే లాయరు బిల్డరు సూచించినాయన కాకూడదు.

కొత్త కట్టడమైతే రెరా నంబరు అడగాలి. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకునే హక్కు బిల్డరుకు లేదు. ప్రీలాంచ్ పేరుతో మొత్తం ముందే కట్టమన్నారంటే, మీ దగ్గర వడ్డీ లేని అప్పు తీసుకుని, ఇంకా అనుమతులు రాని భవనాన్ని చూపిస్తున్నారన్నమాట.

"అద్దెతోనే": అసలు కీలకం ఈ పదంలో ఉంది. 48 లక్షలు, ఎనిమిది శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు. ఈఎంఐ 40,149 రూపాయలు. మొదటి నెల అందులో 32,000 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 8,149. ఇరవై ఏళ్లకు కట్టే వడ్డీ 48 లక్షలు దాటుతుంది, అంటే తెచ్చిన అసలుకు సమానం. అదే ఫ్లాటుకు నెలకు 18,000 అద్దె వస్తుందనుకోండి. ఏడాదిలో ఒక నెల ఖాళీ, ఆస్తి పన్నుకూ చిన్న రిపేర్లకూ 20,000 తీసేస్తే చేతికొచ్చేది లక్షా డెబ్బై ఎనిమిది వేలు. నెలకు పద్నాలుగు వేల ఎనిమిది వందల చిల్లర. మిగతా పాతిక వేలు ప్రతి నెలా జీతంలోంచే. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అద్దె కంటే వడ్డీ ఎక్కువై వచ్చే నష్టాన్ని జీతంలో తగ్గించుకునే వీలు కూడా లేదు.

ఈ లెక్కనే తిరగేసి చూడండి. ఆ అద్దె ఇదే వడ్డీకి, ఇదే గడువుకి ఎంత లోను మోయగలదు? సుమారు 17 లక్షల 70 వేలు. ఫ్లాటు ఏమో 60 లక్షలు.

"ఈఎంఐ": మారని అంకెలా కనిపిస్తుంది కానీ అది మారేదే. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్త ఫ్లోటింగ్ గృహరుణాల్ని రెపో లాంటి బయటి రేటుకు ముడివేయాలి. 2022 మేలో నాలుగు శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికల్లా ఆరున్నరకు చేరింది. ఆరున్నర శాతం వడ్డీకి 48 లక్షలు తెచ్చినవాళ్ల ఈఎంఐ 35,787. తొమ్మిదికి వెళితే 43,187 కావాలి. ఈఎంఐ కదపకుండా గడువు పొడిగించుకున్నవాళ్లకు కట్టిందంతా దాదాపు వడ్డీకే సరిపోయింది. రేటు పెరిగినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్న ఎంపిక ఖాతాదారుకు ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన రోజే వెళ్లి అడగండి. ఫ్లోటింగ్ లోనుకు ముందస్తు చెల్లింపు జరిమానా లేదు కాబట్టి బోనస్ వచ్చినప్పుడల్లా అసలులోకి కొంత కట్టేయండి.

"ఐదేళ్లలో డబుల్": అంటే ఏటా దాదాపు 15 శాతం చొప్పున పెరగాలి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన వార్త ఈ మాటకు రెక్కలిచ్చింది. అది నేలకు పలికిన ధర. కట్టడానికి మాత్రం ఏటా వయసు మీద పడుతుంది. ఫ్లాటులో పెరిగేది మన యూడీఎస్, అంటే విడదీయని నేల వాటా. సేల్ డీడ్‌లో అది ఎన్ని గజాలో చూడకుండా చదరపు అడుగు ధర గురించి మాట్లాడుకుని లాభం లేదు.

"వెళ్లిపోతుంది": క్రియను చివరికి అట్టేపెట్టాను. ఇది నిజమయ్యే చోటు ఒకటుంది. వనస్థలిపురం లాంటి పాత కాలనీల్లో నాన్నగారు కొన్న 200 గజాల్లో ఇల్లున్నవాళ్లు పైన ఒక పోర్షను వేసుకుంటే నేలకు కొత్తగా పైసా పెట్టరు. చదరపు అడుక్కి రెండు వేలు అనుకుంటే 850 అడుగులకు 17 లక్షలు. ఆ పోర్షనుకూ 18,000 అద్దె వస్తే, ఇంతకుముందు లెక్కలో ఆ అద్దె మోయగలిగిన లోను దాదాపు అంతే. ఫ్లాట్లు చూడటానికి తిరిగే ముందు ఒక ఇంజనీరును మేడ మీదికి తీసుకెళ్లి, కింది పిల్లర్లు ఇంకో అంతస్తు మోస్తాయా, దానికి ప్లాను వస్తుందా అని అడగండి.