పురిటి గదిలో దొరికిన ఆదిమాత

1987 జనవరి 1న ‘నేచర్’ పత్రికలో ఆరు పేజీల వ్యాసం ఒకటి అచ్చయింది. దానికి నాలుగు దశాబ్దాలు నిండే వేళ ఆ కథ మరోసారి చెప్పుకోవాలి.

మనిషి చరిత్ర సుమారు 3 లక్షల ఏళ్లు. తొలినాటి సాక్ష్యాలుగా మొరాకోలో కొన్ని పుర్రెలు, ఇథియోపియాలో కొన్ని ఎముకలు. మిగతాదంతా చీకటే కాబట్టి ఒక్క గంతులో అమెరికా చేరుకుందాం. పందొమ్మిదో శతాబ్దపు ఫిలడెల్ఫియాలో శామ్యూల్ మోర్టన్ పుర్రెల్లో సీసపు గుళ్లు పోసి జాతులకు తరతమాలు కట్టిన ముచ్చటనూ దాటేస్తున్నాను. అంతకంటే ఇష్టమైన కథ ఉంది మరి.

కాలిఫోర్నియాలోని బర్కిలీలో అలన్ విల్సన్ అనే న్యూజీలాండ్ శాస్త్రవేత్త ఉండేవారు. మనిషీ చింపాంజీ విడిపోయి 50 లక్షల ఏళ్లేనని 1967లోనే విన్సెంట్ సారిచ్‌తో కలిసి ప్రకటించి, ఎముకల పండితుల కోపానికి గురైనవారు. మనిషి మూలాలు వెతకడానికి ఆయన శిష్యురాలు రెబెకా కాన్‌కు మైటోకాండ్రియా డీఎన్‌ఏ కావాలి. ఇంటిపేరు తండ్రి వైపు నడిచినట్టు, ఇది తల్లి వైపే నడుస్తుంది. కొడుక్కీ వస్తుంది గానీ అతని దగ్గరే ఆగిపోతుంది. అప్పట్లో పరీక్షకు బోలెడు కణజాలం అవసరం. అంత సులువుగా ఎక్కడ దొరుకుతుంది? కాన్పు తర్వాత ఆసుపత్రులు పారేసే మాయల్లో!

అలా 145 మాయలు పోగయ్యాయి. 98 అమెరికా ఆసుపత్రుల నుంచి, మిగతావి ఆస్ట్రేలియా, న్యూగినీల నుంచి. వాటిని గడ్డకట్టించి, మిక్సీలో వేసి, గిర్రున తిప్పి డీఎన్‌ఏ తీశారు. హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ కణాలతో సహా ప్రయోగశాలలో పెంచిన మరో రెండు నమూనాలు కలిపితే 147. మార్క్ స్టోన్‌కింగ్ తోడుగా వంశవృక్షం గీస్తే, ఒక కొమ్మ నిండా ఆఫ్రికన్లే. రెండో కొమ్మ మీద ఆఫ్రికన్లతో పాటు మిగతా లోకమంతా. వేరు దగ్గర సుమారు 2 లక్షల ఏళ్ల నాటి ఒక ఆఫ్రికా తల్లి. మొదట చెప్పిన ‘నేచర్’ వ్యాసం సారం ఇదే.

తమాషా ఏమిటంటే, ఆఫ్రికన్లుగా లెక్కించిన 20 మందిలో 18 మంది నల్లజాతి అమెరికన్లు. బానిస ఓడల్లో తెచ్చిన స్త్రీల సంతతే ఆ ఖండం తరఫున సాక్ష్యం చెప్పింది.

‘న్యూస్‌వీక్’ 1988 జనవరిలో ఆదాము హవ్వలను ముఖచిత్రానికి ఎక్కించింది. ఆ ఆఫ్రికా తల్లిని హవ్వ అనడం విల్సన్‌కు నచ్చలేదు. ‘అదృష్టవంతురాలైన తల్లి’ అంటే చాలన్నారు. నిజమే, ఆమె కాలంలో ఇంకెందరో ఆడవాళ్లు ఉన్నారు. కూతుళ్ల వరస ఎక్కడో తెగిపోయి వాళ్ల గుర్తు మిగల్లేదు, అంతే.

ఆ తర్వాత కథ అడ్డదిడ్డం. 1991లో విల్సన్ పోయారు. మరుసటి ఏడాదే వంశవృక్షం గీసిన తీరు తప్పన్నారు విమర్శకులు. అయినా ఆఫ్రికా మూలం నిలబడింది. 2010లో నియాండర్తల్ రక్తమూ మనలో కొంత ఉందని తేలింది. ఇలా మూలాలు వెతకడం అందరికీ నచ్చలేదు కూడా: అరిజోనాలో హవసుపాయ్ తెగవారు, మధుమేహ పరిశోధనకని తామిచ్చిన రక్తంలో తమ మూలాలూ వెతికారని కోర్టుకెక్కితే, అదే ఏడాది 7 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

2009లో హార్వర్డ్ వారు హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థతో కలిసి మన దగ్గరా వెతికారు. లక్షల ఏళ్ల సంగతి పక్కకు పోయి పెళ్లిసంబంధాల లెక్క బయటపడింది: తెలుగు వైశ్యులు రెండు వేల ఏళ్లకు పైగా బయట సంబంధం దాదాపు కలుపుకోలేదట!